హైస్కూలు పిల్లలు చెప్పిన సినిమా

1978వ సంవత్సరంలో జపాను రాజధాని అయిన టోక్యోలో టోషియో సుజుకీ అనే యువకుడికి పెద్ద చిక్కు వచ్చిపడింది. ఆయన తోకుమా షోటెన్ అనే ప్రచురణ సంస్థలో ఉద్యోగి. ఆ సంస్థవారు "అనిమేజ్" అనే మాసపత్రిక ఒకటి కొత్తగా పెట్టదలిచారు. అది మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా బొమ్మల సినిమాలను గురించిన పత్రిక. మొదటి సంచిక వెలువడటానికి కొద్ది వారాలే ఉన్నదనగా, సంపాదకుడు హిదేవో ఒగాతా ఆ పని తెచ్చి సుజుకీ నెత్తిన పెట్టాడు. సుజుకీకి బొమ్మల సినిమాలను గురించి ఏమీ తెలియదు!

అప్పుడు ఒగాతా ఆయనకు తెలిసినవాళ్ళను చూపించాడు. వాళ్ళు పండితులు కారు, సినిమా తీసేవాళ్ళూ కారు. హైస్కూలులో చదువుకుంటున్న ఆడపిల్లలు. బొమ్మల సినిమాలంటే వాళ్ళకు ప్రాణం. ఏవి బాగుంటవో, ఎందుకు బాగుంటవో సుజుకీ వాళ్ళను అడిగి తెలుసుకున్నాడు. వాళ్ళు చెప్పిన పేర్లలో ఒకటి "సూర్య రాకుమారుడు హోరుసు మహాసాహసం".

ఆ సినిమా విడుదలైనది 1968లో. అంటే, అప్పటికి ఆ ఆడపిల్లలు మహా అయితే ఏడెనిమిదేళ్ళవాళ్ళు. దాన్ని తీయటానికి మూడేళ్ళు పట్టింది. హాళ్ళలో మాత్రం కొద్దిరోజులే ఆడింది. డబ్బు రాలేదు. ఇసావో తకహాతా అనే ఆయన దర్శకుడుగా తీసిన మొదటి సినిమా అది. హయావో మియజాకీ అనే చిత్రకారుడు ఆయన కింద పనిచేశాడు. ఆ కంపెనీలో తకహాతాకు సినిమా తీసే అవకాశం మళ్ళీ రాలేదు.

కథలో హోరుసు అనే కుర్రవాడు ఒక రాతి రాక్షసుడి భుజంలో ముల్లులాగా దిగిన తుప్పు పట్టిన కత్తిని పైకి లాగుతాడు. ఇంతవరకు ఇలాటి కథలు మీరెన్నో చదివి ఉంటారు. కాని ఇందులో హిల్డా అనే పిల్ల ఉన్నది. ఆమె దయ్యానికి చెల్లెలు. తియ్యగా పాడుతుంది. ఊరివాళ్ళకు కీడు చేయటానికే వచ్చింది, కాని చేయలేక మనసులో నలిగిపోతుంది. చెడ్డవాడు నల్లగాను, మంచివాడు తెల్లగాను ఉండే ఆ రోజుల పిల్లల సినిమాలలో ఇలాటి పిల్ల ఎక్కడిది? పెద్దలకు పట్టని ఆ సినిమాను హైస్కూలు పిల్లలు గుర్తు పెట్టుకోవటానికి హిల్డాయే కారణం అని నా నమ్మకం.

సుజుకీ తకహాతాకు టెలిఫోను చేసి, ఆ సినిమాను గురించి నాలుగు మాటలు చెప్పమన్నాడు. తాను ఎందుకు చెప్పలేడో వివరించటానికి తకహాతాకు ఒక గంట పట్టింది! తరువాత ఆయన టెలిఫోను మియజాకీకి ఇచ్చాడు. చెప్పవలసినది చాలా ఉన్నదనీ, పదహారు పేజీలు ఇస్తే తప్ప చెప్పననీ మియజాకీ అన్నాడు. సుజుకీ దగ్గర అంత చోటు లేదు. మొదటి సంచికలో ఇద్దరి మాటలూ రాలేదు. అయితే ఇంత గొడవ చేసే మనుషులు తీసిన సినిమా ఎలా ఉంటుందో చూద్దామని సుజుకీ వెళ్ళి, పాత సినిమాలు వేసే ఒక హాలులో దాన్ని చూశాడు. చూసి నిర్ఘాంతపోయాడు.

తరువాత జరిగింది చెప్పేముందు, ఈ పిల్లలకు అంత గట్టి అభిప్రాయాలు ఎలా ఏర్పడినవో కొంచెం చెప్పాలి.

"యానిమేషన్" అనే ఇంగ్లీషు మాటను జపానువారు తమ నోటికి వీలుగా కురచ చేసి "అనిమే" అని పెట్టుకున్నారు. సినిమా తెరమీద సెకనుకు 24 బొమ్మలు కదులుతవి. అన్నీ వేరువేరుగా గీస్తే ఒక్క నిమిషానికి 1,440 బొమ్మలు కావాలి. 1963లో ఒసాము తేజుకా అనే ఆయన "ఆస్ట్రో బాయ్" అనే మరబాలుడి కథను వారం వారం టెలివిజన్లో చూపించటం ప్రారంభించాడు. వారానికి అన్ని బొమ్మలు ఎవరు గీస్తారు? అందుకని గీసిన బొమ్మనే మూడేసిసార్లు ఫోటో తీసి, సెకనుకు ఎనిమిది బొమ్మలతో, ఒక్కొక్కచోట ఇంకా తక్కువతో సరిపెట్టారు. మన కన్ను అంతమాత్రానికే మోసపోతుంది. బొమ్మలు తగ్గేసరికి కథలో బలం లేకపోతే పని జరగదు. జపాను అనిమేలో కథకు అంత ప్రాధాన్యం రావటానికి ఇదొక కారణం.

1974 చివరలో ఆదివారం రాత్రి ఏడున్నరకు జపాను ఇళ్ళలో పోట్లాటలు జరిగే వీలు బాగా ఉండేది. ఒక స్టేషనులో "హైదీ" వచ్చేది. ఆల్ప్స్ కొండల్లో తాతయ్య దగ్గర పెరిగే పిల్ల కథ అది. దాని దర్శకుడు మన తకహాతాయే. సరిగా అదే వేళకు ఇంకొక స్టేషనులో "అంతరిక్ష యుద్ధనౌక యమాతో" వచ్చేది. శత్రువులు వేసిన బాంబుల మూలాన భూమిమీద సముద్రాలు ఎండిపోతవి. మానవజాతికి ఒక్క సంవత్సరమే ఆయువున్నది. 1945లో మునిగిపోయిన యమాతో అనే నిజమైన యుద్ధనౌకను అంతరిక్ష నౌకగా మార్చి, విషకిరణాలను హరించే యంత్రం తేవటానికి 1,48,000 కాంతి సంవత్సరాల దూరం వెళ్ళాలి. ప్రతి భాగం చివరా, మానవజాతి అంతరించటానికి ఇంకా ఇన్ని రోజులున్నవని లెక్క చూపేవారు. (కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అది ఒక సంవత్సరంలో పోయే దూరమే కాంతి సంవత్సరం. దక్షిణ దేశాలవారికి బాగా కనిపించే పెద్ద మేజెలాన్ మేఘం అనే నక్షత్రరాశి నిజంగానే మనకు సుమారు 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. కథ రాసినవాళ్ళు లెక్క తెలియకుండా రాయలేదన్నమాట.)

చాలా ఇళ్ళలో హైదీ గెలిచింది. యమాతోను చూసేవారు తక్కువై, 39 భాగాలు అనుకున్నది 26 భాగాలకే ముగించేశారు. చూసినవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. ఆ రోజుల్లో ఇళ్ళలో వీడియో యంత్రాలు అరుదు. పిల్లలు టెలివిజను ముందు టేప్ రికార్డరు పెట్టి, మాటలూ పాటలూ పట్టి, అవే మళ్ళీ మళ్ళీ వినేవారు. అభిమానులు సంఘాలు పెట్టుకుని, సొంతంగా చిన్న పత్రికలు అచ్చువేసి పంచుకున్నారు. చూడనివారికి చూసినవారు చెప్పారు. టెలివిజన్లో రెండోసారి వేసినప్పుడు చూసేవారు పెరిగారు. 1977 ఆగస్టు 6న ఆ భాగాలనే కలిపి సినిమాగా విడుదల చేస్తే, టిక్కెట్లకోసం కుర్రవాళ్ళు ముందురోజు రాత్రే వచ్చి హాళ్ళముందు వరస కట్టారు! మరుసటి సంవత్సరం అనిమేజ్ పత్రిక పుట్టటానికి ఈ వరసలే కారణం.

1979లో వచ్చిన "గుండాము" అనే మరమనుషుల యుద్ధకథకు కూడా ఇదే జరిగింది. 52 భాగాలు అనుకుని 43కే ఆపేశారు. తరువాత అది సినిమాగా రాబోయే ముందు, 1981 ఫిబ్రవరి 22న టోక్యోలోని షింజుకు స్టేషనువద్ద వేలకొద్దీ పిల్లలు పోగయ్యారు. అంతమంది వస్తారని ఏర్పాటు చేసినవారే అనుకోలేదు.

ఈ అభిమానులు "బాగుంది", "బాగాలేదు" అని ఊరుకునేవారు కారు. ఒక వారం బొమ్మలు చక్కగా ఉండి, మరొక వారం ఎందుకు వికారంగా ఉంటున్నవి అని ఆలోచించారు. ప్రతి భాగానికీ బొమ్మలు దిద్దే చిత్రకారుడు వేరుగా ఉంటాడు. ఇది కనిపెట్టి, చివర గబగబా పోయే పేర్లను చదవటం నేర్చుకున్నారు. పేరు చూడకుండానే, కదలిక తీరును బట్టి ఇది యోషినోరి కనాదా గీసినది అని చెప్పగలవారు తయారయ్యారు. క్రికెట్ చూసే మన పిల్లలు ముఖం కనపడకపోయినా బ్యాటు ఊపిన తీరును బట్టి ఆటగాడి పేరు చెప్పేస్తారు, అలాగన్నమాట.

ఇక సుజుకీ సంగతి. ఆయన తకహాతా, మియజాకీల దగ్గరికి పోవటం మానలేదు. మియజాకీచేత ఒక సినిమా తీయించాలని చూస్తే, అచ్చయిన కథ లేనిదే డబ్బు పెట్టమన్నారు. అయితే కథనే అచ్చువేద్దామని, 1982 ఫిబ్రవరినుంచి అనిమేజ్‌లో మియజాకీ "నౌసికా" అనే బొమ్మల కథను ప్రారంభించాడు. అది 1984లో సినిమా అయింది. 1985లో ఘిబ్లీ స్టూడియో వెలిసింది. అక్కడ తయారైన "స్పిరిటెడ్ అవే"కు 2003లోనూ, "ద బాయ్ అండ్ ద హెరాన్"కు 2024లోనూ ఆస్కార్ బహుమతులు వచ్చినవి. అయిదు పైసలు రాని సినిమాను గురించి కొందరు ఆడపిల్లలు చెప్పిన మాట అంత దూరం పోయింది.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. 1988 ఏప్రిల్ 16న ఘిబ్లీవారు రెండు సినిమాలను ఒకే టిక్కెట్టుమీద విడుదల చేశారు. ఒకటి మియజాకీ తీసిన "నా పొరుగు టోటోరో". అక్కచెల్లెళ్ళు ఇద్దరు పల్లెటూరికి వచ్చి, పెద్ద చెట్టులో నివసించే బొద్దు జంతువుతో స్నేహం చేస్తారు. చెడ్డవాడనేవాడు అందులో ఒక్కడూ లేడు. రెండోది తకహాతా తీసిన "మిణుగురుల సమాధి". 1945లో కోబే నగరంమీద బాంబులు పడి, తల్లిని పోగొట్టుకున్న పధ్నాలుగేళ్ళ అన్న, నాలుగేళ్ళ చెల్లెలి కథ. కొన్ని హాళ్ళలో టోటోరో ముందు వేశారు. నవ్వుతూ చూసిన పిల్లలు ఆ వెంటనే రెండోది చూడవలసివచ్చిందంటే వాళ్ళ గతి ఆలోచించండి! రెండూ గొప్ప సినిమాలే. టోటోరోను అయిదేళ్ళ పిల్లకు కూడా నిశ్చింతగా చూపవచ్చు. రెండోది పెద్ద పిల్లలకు, అదీ పక్కన మీరు కూర్చుని చూపవలసినది. "బొమ్మల సినిమాయే గదా" అని పిల్లలను వదిలి వంటింట్లోకి పోకండి.

హోరుసు సినిమాకు పట్టిన గతే మన దేశపు కథకు ఒకదానికి కూడా పట్టింది. యూగో సాకో అనే జపానువాడు 1983లో డాక్యుమెంటరీ పనిమీద మన దేశం వచ్చి, రామాయణం కథ విని ముగ్ధుడైపోయాడు. జపాను చిత్రకారులూ, మన రామ్ మోహన్ గారూ కలిసి పనిచేయగా 1992లో "రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామా" తయారయింది. అప్పట్లో మన హాళ్ళలో దాన్ని చూసినవారు బహుకొద్దిమంది. తరువాత టెలివిజన్లో చూసిన పిల్లలు దాన్ని మరచిపోలేదు, ఒకరికొకరు చెప్పుకుంటూనే వచ్చారు. 2025 జనవరి 24న అది మన హాళ్ళకు తిరిగి వచ్చింది, తెలుగు మాటలతో కూడా. ఒకప్పటి ఆ పిల్లలు ఈసారి తమ పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళారు.

ఆ సినిమా తీసేటప్పుడు పంచె ఎలా కడతారో, పిల్లలు పెద్దల దీవెనలు ఎలా తీసుకుంటారో జపాను చిత్రకారులకు తెలియకపోతే, మనవాళ్ళు చూపించి నేర్పవలసివచ్చింది. మీరు చూసేటప్పుడు రాముడి పంచెకట్టు కుదిరిందో లేదో కొంచెం పరీక్షగా చూసి, మీ స్నేహితులకు చెప్పండి.