మూత బిగించుకున్న నత్త ఎలా బతుకుతుంది?

“ఆటు వేళ రాళ్ల మీద మిగిలిపోయిన నత్తలపై జోరువాన కురిస్తే చచ్చిపోవా?” అని భీమిలి నుంచి ఒక పాఠకురాలు అడిగారు. ఇంత మంచి ప్రశ్నను వదిలిపెట్టలేకపోయాను.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నత్త రక్తమూ దాదాపు అంతే ఉప్పన. వాననీరు తగిలితే కణాల్లోకి నీరు చొరబడి అవి ఉబ్బుతాయి. కణాలు తమలోని అమైనో ఆమ్లాలను కొంత బయటికి వదిలి సర్దుకుంటాయి. అంతకు మించితే నత్త లోపలికి ముడుచుకుని గట్టి మూతతో గుల్ల నోరు బిగిస్తుంది. దాంతో మంచినీరు ఆగింది, ఆక్సిజన్ కూడా ఆగింది!

అసలు అద్భుతం ఇక్కడే. మన కండరాలకు ఆక్సిజన్ చాలకపోతే లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. నత్తలోనూ అంతేనని చాలాకాలం అనుకున్నారు. వెతికితే, లెక్కకు సరిపడా దొరకలేదు. దొరికింది సక్సినిక్ ఆమ్లం, అంటే సక్సినేట్. ఆహారం నుంచి కణం శక్తి తీసే మెట్లతో 1937లో హాన్స్ క్రెబ్స్ చెప్పిన చక్రంలో సక్సినేట్ నుంచి ఫ్యూమరేట్ తయారవుతుంది. ఊపిరి ఆగిన నత్త ఆ మెట్టును వెనక్కి నడుపుతుంది. మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు చివరికి ఆక్సిజన్‌ను చేరాలి కదా? అది లేనప్పుడు ఫ్యూమరేటే వాటిని అందుకుని సక్సినేట్‌గా మారుతుంది. ఒక గ్లూకోజ్ అణువుకు లాక్టిక్ దారిలో 2 ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) వస్తే, ఈ దారిలో సుమారు 4 వస్తాయి.

దారి మళ్లించేది ఎవరు? రైలు పట్టాలు మార్చే పాయింటులా పైరువేట్ కైనేజ్ అనే ఎంజైము. దానికి ఫాస్ఫేట్ తగిలితే మందగిస్తుంది, ఇంధనం సక్సినేట్ వైపు మళ్లుతుంది. కెనడా శాస్త్రవేత్త కెన్నెత్ స్టోరీ బృందం సముద్రపు నత్తల్లో దీన్ని చూపింది. వాళ్లు పరిశీలించిన వాటిలో అట్లాంటిక్ తీరపు పెరివింకిల్ నత్త ఒకటి. అది శరీరం ఖర్చునూ బాగా తగ్గించుకుని, ఉత్త నైట్రోజన్‌లో రోజుల తరబడి బతుకుతుంది.

దీనివల్ల ఉపయోగమేమిటని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. రక్తం ఆగిన ఎలుక గుండెలోనూ సక్సినేటే పేరుకుంటుందని, రక్తం తిరిగి పారగానే అదే కణాలకు హాని చేస్తుందని 2014లో తేలింది. నత్త మాత్రం మూత బిగించి తెరిచినప్పుడల్లా ఆ గండం దాటుతుంది. గుండె వైద్యులు దాన్నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది.

జీవశాస్త్ర ఉపాధ్యాయులకు నాదొక విన్నపం: క్రెబ్స్ చక్రం బొమ్మలో వెనక్కి తిరిగే ఆ ఒక్క బాణాన్నీ గీసి చూపండి.