నూనె రైలు దారిన సైకిలుపై ఒక దినము

స్పెయిను దేశపు దక్షిణ భాగమున హయేన్ అను జిల్లా కలదు. ఆ ఒక్క జిల్లాలోనే ఆరు కోట్లకు పైగా ఆలివ్ చెట్లున్నవి. అచ్చటి నూనెను, లినారెస్ గనుల సీసమును తరలించుటకు 19వ శతాబ్దపు చివర వేసిన రైలు దారి 1985లో మూతబడినది. వాడుకలేని రైలు దారులను సైకిలు బాటలుగా మార్చు పథకము ఆ దేశమున 1993లో ప్రారంభమైనది. అందువలన నేడు హయేన్ పట్టణము నుండి పువెంతె హెనిల్ వరకు 128 కిలోమీటర్లు మోటారు బండ్ల బెడద లేక పోవచ్చును. గ్రామాధికారులు ఈ సంగతి గమనింపదగును: పట్టాలు తీసినను ఆ భూమిని ముక్కలుగా పోనీయలేదు.

రైతు సోదరులారా, ఈ బాటన ఒక దినము మీరును రండు. వసంతమున గాని అక్టోబరులో గాని బయలుదేరవలెను. జూలై, ఆగస్టులలో ఎండ 40 డిగ్రీలు దాటును. రెండు సీసాల నీరు, ఒక అదనపు ట్యూబు చాలును. రైలు ఎక్కగల వాలే గనుక దారిలో గట్టి ఎగుడు లేదు. తొర్రెదోన్‌హిమెనో, మార్తోస్ ఊళ్లు దాటి, సొరంగములలోను ఇనుప వంతెనలపైని పోవుచుండగా ఇరువైపుల తోటలే.

సైకిలు ఆపి ఒక తోటలోనికి దిగుడు. చెట్టుకు చెట్టుకు పది పన్నెండు మీటర్ల ఎడము. ఒక్కొక్క గోతిలో రెండు మూడు మొదళ్లు. ఏడాదికి పడునది 500 మిల్లీమీటర్ల పైచిలుకు వాన. మన అనంతపురమునకు దగ్గరగానే యున్నది. అందుచేత అంత ఎడము.

ఇప్పుడు మొదలు వంక చూడుడు. అనేక ముసలి చెట్లు చిన్న దిబ్బలపై నిలిచినట్లుండును. ఆ దిబ్బలు ఎవరో పోసినవని తోచును గాని, చాలచోట్ల జరిగినది వేరు: చుట్టునున్న మన్ను కొట్టుకొనిపోయినది, వేళ్లు పట్టిన మన్ను మాత్రము మిగిలినది. గడ్డి నీరు త్రాగునను భయముతో తరతరములుగా నేలను నున్నగా దున్ని ఉంచిరి. అక్టోబరు వానలు ఆ బోడి వాలుపై పడి పైమన్నును వాగులకు దించినవి. సైకిలు చక్రము ప్రక్కన నిలిపి చూచిన ఎంత మన్ను పోయినదో మీకే తెలియును.

మరికొంత దూరము పోయిన వేరు రకపు తోటలు కనబడును. సాళ్ల నడుమ గడ్డి పట్టీలు ఉంచి, వాన కాలమంతయు పెరగనిచ్చి, మార్చి, ఏప్రిలు నెలలలో కోసి అక్కడనే పరచుదురు. కత్తిరించిన కొమ్మలను కూడ పొడిచేసి చల్లుదురు. యూరపు సమాఖ్య సహాయ ధనము పొందుటకు ఏటవాలు తోటలలో ఇట్టి పట్టీ నొక షరతుగా పెట్టినారు. షరతు లేకున్నను చేయదగినదని నా అభిప్రాయము. అయితే ఆ తేదీలు మనకు పనికిరావు. వారికి వాన శీతకాలమున, మనకు నైరుతి ఋతుపవనమున. మామిడి, బత్తాయి తోటలలో గడ్డిని ఎప్పుడు కోయవలెనో మన వానను బట్టియే నిర్ణయించుకొనవలెను.

మన్ను మిగిలినంత మాత్రమున కరవు రాదని కాదు. స్పెయిను ఆలివ్ నూనె ఉత్పత్తి 2021-22లో సుమారు 14.9 లక్షల టన్నులు. వర్షాభావము వలనను, పూత కాలపు వేడి వలనను మరుసటి ఏట 6.6 లక్షల టన్నులకు పడిపోయినది.

55 కిలోమీటర్లు పూర్తియగుసరికి గ్వాదహోజ్ నదిపై వంతెన వచ్చును; అది దాటిన కోర్దొబా జిల్లా. లూకె స్టేషనులో పూర్వపు రైలు కట్టడమున భోజనము దొరకును. అచ్చట రొట్టెపై పోసి యిచ్చు కొత్త నూనె గొంతున కొంచెము మండును. చెడినదని ప్రక్కకు నెట్టకుడు. పికువల్ రకపు కాయల నూనెకు అదియే సహజ గుణము.