నొప్పిని కొలుచు ప్రశ్నలు

జ్వరమును కొలుచుటకు ఉష్ణమాపకము కలదు. రక్తపు పోటును కొలుచుటకు వేఱొక యంత్రము కలదు. నొప్పిని కొలుచుటకు మాత్రము అట్టి యంత్రము నేటివఱకును లేదు. నొప్పి యెవరికి కలుగుచున్నదో వారికే తెలియును. ప్రక్కనున్నవారు ముఖమును జూచి యూహింపవలసినదే. ఈ విషయమున వైద్యుడును ప్రక్కనున్నవాడే.

యంత్రము కొఱకు ప్రయత్నములు జరుగకపోలేదు. 1940వ సంవత్సర ప్రాంతమున న్యూయార్కు నగరమున హార్డీ, వుల్ఫ్, గూడెల్ అను పరిశోధకులు మనుష్యుల నొసటిపై మసి పూసి, దీపపు వెలుతురును కటకముతో దానిమీదికి మరల్చి, ఎంత వేడికి నొప్పి మొదలగునో పరీక్షించిరి. నొప్పికి ‘డోల్’ అను ప్రమాణమునుగూడ నేర్పఱచిరి. ఆ ప్రమాణము వాడుకలో నిలువలేదు. నొప్పి యెచ్చట మొదలగునో తెలిసినంతమాత్రమున, మొదలైన పిమ్మట అది యెంత బాధించునో తెలియదు గదా!

కావున వైద్యులు మిక్కిలి సులభమైన మార్గమునకు వచ్చిరి. రోగినే యడుగుట. ‘నొప్పి యేమియు లేనిచో 0, ఊహింపదగినంతలో మిక్కిలి ఘోరమైనదైనచో 10, నీ నొప్పి యెంత?’ అందురు. ఈ ప్రశ్న నేటి నొప్పిని గూర్చినది. అయితే దీని వెనుక మఱియొక ప్రశ్న దాగియున్నది. ఒకే దెబ్బ తగిలినప్పుడు ఒకరు 3 అనియు, ఒకరు 8 అనియు చెప్పుట మన మెఱిగినదే. ఆ మనుష్యుని శరీరము సహజముగా నొప్పిని ఎక్కువగా గ్రహించునదా, తక్కువగా గ్రహించునదా? దీనిని తెలిసికొనుటకు పరిశోధనశాలలలో చేతిని మంచునీటిలో ముంచుదురు, వేడి పలకను చర్మమునకు తాకింతురు, గోటిమీద అదుముదురు. దానికి పరికరములు కావలెను, సమయము కావలెను. అంతకంటె మించి, ఇదివఱకే నొప్పితో వచ్చినవానిని మరల నొప్పింపవలెను.

2009వ సంవత్సరమున జర్మనీ దేశమున రూత్ రుషెవే అను వైద్యురాలును ఆమె సహచరులును ఈ చిక్కునకు ఒక యుపాయమును ప్రకటించిరి. వారు 17 ప్రశ్నలు గల యొక పత్రమును తయారుచేసిరి. అందు రోగము మాటయే లేదు. ఉన్నవన్నియు ప్రతి యింటను జరుగు చిన్న సంగతులు. మోకాలి క్రింది యెముక బల్ల యంచునకు కొట్టుకొన్నది. వేడి పానీయముతో నాలుక కాలినది. సొరుగులో వ్రేలు పడినది. సైకిలుమీదినుండి పడగా మోకాలు గీచుకొన్నది. భోజనముచేయుచు నాలుకను గట్టిగా కొఱుకుకొంటిమి. వ్రేలిమీది చిన్న గాటులో నిమ్మరసము పడినది. గులాబి ముల్లు గ్రుచ్చుకొన్నది. కాలుచున్న పాత్రను తెలియక చెవులు పట్టి యెత్తితిమి. ఇట్లు ఒక్కొక్కదానిని మనసున నూహించుకొని, అది జరిగినచో ఎంత నొప్పియో 0 నుండి 10 లోపల ఒక యంకె వేయవలెను.

విద్యార్థులు గమనింపదగినది మఱియొకటి యున్నది. ఆ పదునేడింటిలో మూడు సంగతులు సాధారణముగా ఎవరికిని నొప్పి కలిగింపవు. గోరువెచ్చని నీటితో స్నానము, చల్లని గచ్చుమీద వట్టికాళ్లతో నడుచుట, మామూలు పట్టుగలవానితో చేయి కలుపుట. ఇవి యెందులకు? వ్రాయువానికి నొప్పి లేనిదెట్లుండునో జ్ఞప్తికి తెచ్చి, మిగిలినవానిని దానితో పోల్చుకొనజేయుటకు. ఆ మూటిని లెక్కలో చేర్పరు. మిగిలిన 14 అంకెలను కూడి 14తో భాగింతురు. మొత్తము 56 వచ్చినచో సరాసరి 4. ఈ పదునాల్గింటిలోను స్వల్పమైన నొప్పి కలిగించునవి 7, మధ్యమమైనవి 7. వానికి వేఱువేఱు సరాసరులనుగూడ కట్టుదురు.

ఊహలో వేసిన యంకెకు విలువ యేమి యని పెద్దలు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. రుషెవే మొదలగువారు పత్రమును వ్రాసినవారికే చలి, వేడి, ఒత్తిడి మొదలగు నిజమైన పరీక్షలను జరిపిరి. పత్రమున పెద్ద యంకెలు వేసినవారు ఆ పరీక్షలయందును నొప్పికి పెద్ద యంకెలనే చెప్పిరి. కాని నొప్పి మొదలగు మేరకును పత్రమునకును సంబంధము కనబడలేదు. అనగా నొసటిపై మసి పూసి వెదకిన సంగతి వేఱు, ఈ పత్రము చెప్పునది వేఱు. నా మట్టుకు రోగికి కావలసినది రెండవదే యని తోచుచున్నది.

ఇక కొరియా సంగతి. సుమారు 8 కోట్లమంది మాటలాడు ఆ భాషలోనికి ఈ పత్రమును మార్చి, దీర్ఘకాలపు నొప్పితో బాధపడువారియందు పరీక్షించిన ఫలితములు 2014లో ప్రకటింపబడినవి. ఆ కృషిలో సియోల్ జాతీయ విశ్వవిద్యాలయపు బుండాంగ్ వైద్యశాలలోని వెన్నెముక వైద్యులు ముఖ్యులు. భాష మార్చుట యన నిఘంటువును ముందుంచుకొని వ్రాయుట కాదు. ఇట్టి పనికి వైద్యశాస్త్రమున నొక పద్ధతి యేర్పడియున్నది. ఉభయభాషలు తెలిసినవారు మొదట అనువదింతురు. మూలమును చూడని మఱియొకరు దానిని తిరిగి మూలభాషలోనికి మార్తురు. రెండును పోల్చి, భేదమున్నచోట దిద్ది, కొందఱు రోగులచే చదివించి, తెలియని మాటలను సవరింతురు. పిమ్మట నదే మనుష్యుడు కొన్ని దినములు గడచిన తరువాత మరల వ్రాసినను ఇంచుమించు అదే సరాసరి వచ్చునా యని చూతురు. రానిచో ఆ పత్రము సాగు త్రాడుతో గుడ్డ కొలుచుట వంటిది.

కొరియా భాషలో ఈ పని యెంత సున్నితమో ఆ భాషలోని మాటలే చెప్పును. నొప్పికి సామాన్యమైన మాట ‘అఫుదా’. కాని మంచులో చేతులుంచినవాడు ‘షిరిదా’ యనును. అది చలికి చేతులు, పండ్లు జివ్వుమని లాగుటకు చెప్పు మాట. గాటులో నిమ్మరసము పడినచో ‘స్సురిదా’, అనగా చుఱ్ఱున మండుట. ముల్లు గ్రుచ్చుకొన్నచో ‘త్తగప్తా’. కీళ్లు సలుపుచున్నచో ‘స్సుషిదా’. కాలు తిమ్మిరియెక్కినచో ‘చొరిదా’. మన మంట, పోటు, సలుపు, తిమ్మిరి వంటివే యివియును. ‘ఎంత నొప్పి?’ యని యడిగిన, ‘నొప్పి కాదు, మంట’ యని మన యవ్వలు బదులు చెప్పరా? ఆ యవ్వకు 0 వేసినచో లెక్క తప్పినట్లే. ఇంకొక వింత యేమన, కొరియనులు పొగలు గ్రక్కు పులుసు త్రాగి ‘షివొన్‌హదా’ యందురు. ఆ మాటకు మూలార్థము చల్లగా, హాయిగా నున్నదని. వీపును గట్టిగా పిసికించుకొన్నప్పుడును అదే మాట. కావున వేడిని గూర్చిన ప్రశ్నలలో గోరువెచ్చన యేది, కాలునది యేది యని తేటగా తెలియు మాటలు పడవలెను.

దీనికంటె లోతైనది మఱియొకటి. ఆ దేశమున ‘ఒమ్‌సల్’ అను మాట కలదు. కొంచెపు నొప్పిని గోరంతలు కొండంతలుగా చేసి చెప్పుటకు ఆ పేరు. ఏడ్చు పిల్లవానితో తల్లి ‘ఒమ్‌సల్ చేయకు’ మని యనుట అచ్చట సామాన్యము. దానికి ఎదురుగా ‘చామ్తా’, అనగా ఓర్చుకొనుట, మెప్పు పొందు గుణము. ఇట్టి మాటల మధ్య పెరిగినవాడు వైద్యుని యెదుట 7 అని చెప్పవలసినచోట 4 అని చెప్పవచ్చును. ఇది కొరియనులకు మాత్రమే యున్న గుణమని తలపరాదు.

ఈ పత్రమువలన ప్రయోజన మెట్టిదో వెన్నెముక రోగులయందు స్పష్టముగా కనబడును. వయస్సు ముదిరినకొలది కొందఱికి వెన్నుపాము సాగు మార్గము ఇఱుకై, నడుమును కాళ్లును నొచ్చును. ఛాయాచిత్రమున ఇద్దఱి వెన్నెముకలును ఒకే తీరున నుండవచ్చును. ఒకడు అంగడికి నడచిపోవుచుండగా, రెండవవాడు గడప దాటలేకుండును. రెండవవానిని చూచి ‘చిత్రములో అంత లేదు, ఇతడు పెంచి చెప్పుచున్నా’డని తలచుట మిగుల సులభము. కొరియా వైద్యులు ఇట్టి రోగులకు ఆ ప్రశ్నలను వేసి చూడగా, పత్రమున సరాసరి హెచ్చుగా వచ్చినవారు నడుము నొప్పిని, కాలి నొప్పిని, దినచర్యలోని యశక్తతను గూడ హెచ్చుగా చెప్పిరి. గులాబి ముల్లును, సొరుగులో పడిన వ్రేలిని గూర్చి వేసిన యంకెలకును నడుము నొప్పికిని ఈ పొత్తు ఉండుటచేత, ఆ రెండవవాడు అబద్ధమాడుచున్నాడని తేల్చుటకు వీలు లేదు. అతని నరములు దేనినైనను బిగ్గరగా చెప్పునవి కావచ్చును. శస్త్రచికిత్స చేయవలెనా, చేసినచో ఎంత సుఖము నాశింపవచ్చును, అని రోగితో ముందుగా మాటలాడుకొనుటకు ఇది వైద్యునికి తోడ్పడును.

అయితే ఈ పత్రము సత్యమును బయటపెట్టు మంత్రదండము కాదు. సరాసరి హెచ్చుగా నున్నదని మందు మానుటకును, తక్కువగా నున్నదని రోగిని ఉపేక్షించుటకును దీనిని వాడుట తగదు. మంచు నెన్నడును తాకనివాడు ఆ ప్రశ్నకు ఊహతోనే బదులు చెప్పవలెను. సియోల్‌లో ప్రతి శీతకాలమును మంచు కురియును గనుక అచ్చట ఆ చిక్కు లేదు. మన గుంటూరులోనో, నల్లగొండలోనో ఈ పత్రమును తెలుగున నుపయోగింపవలసినచో ఆ ప్రశ్నకు బదులు మంచుగడ్డను గుప్పిట పట్టుకొనుటను వేయవలెనేమో. చల్లని గచ్చుమీది నడక మనకు వేసవిలో నొప్పి కాదు సరిగదా, సుఖమే. కాని యట్లు ఒక్క ప్రశ్న మార్చినను, కొరియాలో చేసినట్లే మొదటినుండి మరల పరీక్షింపవలసియుండును.