రైలుపట్టాల అతుకు

మన మెదకు పట్టణమునకు రైలుబండి వచ్చినది 2022 వ సంవత్సరము సెప్టెంబరు 23 వ తేదీన. అక్కన్నపేటనుండి వచ్చు నీ దారి పొడవు పదునేడు కిలోమీటర్లకు కొంచెము మించును. అక్కన్నపేటకు మాత్రము రైలు క్రొత్తది కాదు. సికిందరాబాదునుండి నిజామాబాదు మీదుగా మన్మాడునకు పోవు గోదావరీలోయ మార్గము పందొమ్మిదవ శతాబ్ది ముగియు దినములలో మీటరుగేజిగా వేయబడి, మన కాలమున బ్రాడుగేజిగా మార్చబడెను. స్టేషనునకు పోయి ఇంజనును చూడగోరని బాలుడుండడు. దాని క్రిందనున్న పట్టాను పరికించి చూచువారు తక్కువ. పట్టాకును పట్టాకును నడుమనుండు నతుకును చూచువారు మఱియు తక్కువ. ఆ యతుకు నెట్లు కల్పించిరో, ఏల కల్పించిరో తెలుపుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

పట్టా నొక్కటిగా ఎంత పొడవైనను చేయరాదా యని యొకరడుగవచ్చును. కార్ఖానాలో కాలిన యుక్కును రోలరులనడుమ నదిమి పట్టాగా సాగదీయుదురు. దానిని చల్లార్చుటకు తావు కావలెను, బండ్లలో మోసికొనిపోవుటకు వీలుండవలెను. కావున మన దేశమున బ్రాడుగేజి పట్టా పొడవు చాలకాలము 13 మీటర్లుగా నుండెను. ఇప్పుడు భిలాయి కార్ఖానాలో 130 మీటర్ల పట్టాను తీసి, రెండేసి యతికి, 260 మీటర్లు చేయుచున్నారు. ఎంత పొడవు చేసినను దానికొక కొన యుండక తప్పదు. కొన యున్నచోట అతుకును ఉండవలెను.

అయితే రెండు కొనలను ఆనించి గట్టిగా బిగించిన చాలునుగదా యనిన, అచ్చటనే చిక్కు వచ్చుచున్నది. మన గ్రామములలో కమ్మరి బండిచక్రమునకు ఇనుపకట్టు వేయుట చూచినవారికి ఈ చిక్కు వెంటనే బోధపడును. కట్టు చక్రముకంటె కొంచెము చిన్నదిగా నుండును. దానిని పిడకలమంటలో కాల్చగా పెద్దదగును. అప్పుడు చక్రమునకు తొడిగి నీళ్లు పోయగా, సుయ్యిమని పొగలు గ్రక్కి, ముడుచుకొని, కఱ్ఱను కఱచిపట్టుకొనును. ఇనుము వేడికి సాగును, చల్లదనమునకు ముడుచుకొనును. కమ్మరికి మేలైన యీ గుణమే రైలు ఇంజనీరునకు తలనొప్పియై కూర్చున్నది.

ఎంత సాగును? ఉక్కు ఒక డిగ్రీ వేడి హెచ్చినప్పుడు తన పొడవులో లక్షకు ఇంచుమించు ఒకటింబావు పాలుకంటె కొంచెము తక్కువ, అనగా మీటరుకు 0.0000115 మీటరు, పెరుగును. మెదకుసీమలో చలికాలపు తెల్లవాఱుజామున పట్టా 10 డిగ్రీలకు దిగినదనుకొందము. మేనెల మధ్యాహ్నమున ఎండకు మాడు పట్టా గాలికంటె మిక్కిలి వేడెక్కి 60 డిగ్రీలను చేరవచ్చును. భేదము 50 డిగ్రీలు. లెక్కవేయగా 13 మీటర్ల పట్టా ఏడున్నర మిల్లీమీటర్లు పెరుగును. చిటికెనవ్రేలి వెడల్పునకైనను చాలని యీ కొలతను చూచి నవ్వవలదు. అక్కన్నపేటనుండి మెదకువఱకు నడుమ నడ్డులేని యొకే పట్టా యున్నదనుకొన్నచో, అది యే యాటంకమును లేక సాగెనేని, చలికాలమునకును వేసవికిని నడుమ దాదాపు పది మీటర్లు పెరుగవలెను. ఆ పది మీటర్లకు చోటు చూపనియెడల పట్టా పాము వంకరలు పోవును.

కాబట్టి అతుకును కల్పించువానికి రెండు విరుద్ధమైన యాజ్ఞలు కలవు. బండి చక్రము దాటునప్పుడు అతుకున్నదన్న సంగతియే చక్రమునకు తెలియరానంత గట్టిగా రెండు కొనలును ఒక్కటై యుండవలెను. ఎండకాసినప్పుడు ఆ కొనలే ఒకదానికొకటి సంబంధము లేనట్లు కదలుచుండవలెను. దీనికి తోడు చక్రపుటంచు పట్టా తలకు లోపలివైపున దిగి పోవుచుండును గనుక, ఆ దారికడ్డముగా ఏ వస్తువును రాగూడదు. తలపై అంగుళమంత యెత్తైనను పెరుగగూడదు. ఒక స్పానరును సుత్తెయు గల పనివాడు అడవిలోనైనను విప్పి బిగింపగలిగి యుండవలెను. మా విద్యార్థులు తుదివఱకు చదువకముందే కాగితముపై తమకు తోచిన యతుకును గీచి చూచుట మంచిదని మా తలంపు.

ఆంగ్లదేశమున తొలిరైళ్ల దినములలో ఈ కొనలను ఊరక ఒక ఇనుపకుర్చీమీద ఆనించి విడిచిరి. చక్రము ఒక కొనను అణచి రెండవకొనకు ఎక్కునప్పుడెల్ల దెబ్బ తగిలి, కొనలు నలిగి, బండిలోనివారి పండ్లు కదలెడిదట. 1847 లో విలియం బ్రిడ్జెస్ ఆడమ్స్ అను ఇంజనీరు, రాబర్టు రిచర్డుసనుతో కూడి, పట్టాల నడుమున కిరువైపులను రెండు ఇనుపబద్దలు పెట్టి బంధించు నుపాయమునకు పేటెంటు పొందెను. విఱిగిన చేతికి కట్టుకట్టు వైద్యుడు వెదురుబద్దలను ఇరువైపుల నుంచునట్టిదే యీ యుపాయము. దీనికి ఫిష్ ప్లేటు అని పేరు. చేపకును దీనికిని ఏ సంబంధమును లేదు. ఓడకొయ్య బీటవాఱినప్పుడు నావికులు దానికి చేర్చికట్టు ఆసరాకఱ్ఱకు ఆంగ్లమున ఆ పేరుండెను. ఆ పేరే యీ బద్దకు సంక్రమించెను.

పైకి సులభముగా కనబడు నీ బద్దలో ఒక సూక్ష్మమున్నది. దానిని తెలియనివారు ఫిష్ ప్లేటును వట్టి యినుపముక్క యనుకొందురు. పట్టాను అడ్డముగా కోసి చూచినచో పైన తల, నడుమ సన్నని నడుము, క్రింద వెడల్పైన పాదము కనబడును. తల యడుగుభాగమును, పాదము పైభాగమును చదునుగాక వాలుగా నుండును. ఫిష్ ప్లేటు పై యంచును క్రింది యంచును ఆ వాలునకు సరిపోవునట్లే చేయబడును. ప్లేటు పట్టా నడుమునకు ఆనదు. నడుమునకును ప్లేటునకును మధ్య కొంత సందు విడువబడును. నాలుగు బోల్టులను బిగించుకొలది ప్లేటు ఆ వాలుల నడుమకు, గొడ్డలిపిడి వదులైనప్పుడు దానిలో దిగగొట్టు కఱ్ఱముక్కవలె, చొచ్చుకొనిపోయి, పైన తలను క్రింద పాదమును ఒక్కసారిగా ఒత్తిపట్టును. ప్లేటు నడుమునకు ఆనియుండినచో ఎంత బిగించినను తలక్రింద వదులు వదులుగానే యుండిపోయెడిది. సందు విడిచినందున, కాలక్రమమున వాలులు అరిగినను, మఱికొంత బిగించిన వదులు తీరును. ఈ సందే యా కల్పనలోని ప్రాణము. ఖాళీగా విడిచిన చోటు పనిచేయుట యంత్రశాస్త్రమున అరుదు గాదు గాని, ఇంత చక్కగా పనిచేయుట మేము మఱియెక్కడను చూడలేదు.

మఱియొక సంగతి. చక్రపు బరువు ఒక పట్టానుండి ప్లేటునకును, ప్లేటునుండి రెండవ పట్టాకును ఈ వాలుతలములగుండ పోవునుగాని బోల్టులగుండ పోదు. బోల్టు పని ప్లేటులను దగ్గఱకు లాగిపట్టుట మాత్రమే. అందుచేత పట్టాలోని రంధ్రమును బోల్టుకంటె కొంచెము పెద్దదిగా తొలువవచ్చును. ఆ హెచ్చుచోటిలో పట్టా ముందుకు వెనుకకు జరుగును. ఈ విధముగా గట్టితనమును కదలికయు, అను రెండు విరుద్ధమైన యాజ్ఞలును, ఒకే బద్దతో నెఱవేఱినవి. ప్లేటునకును పట్టాకును నడుమ తుప్పు పట్టినచో జరుగుట ఆగిపోవును గనుక, వేసవి రాకముందు చలినెలలలో అతుకులను విప్పి, తుడిచి, గ్రాఫైటు కలిపిన గ్రీజు పూయుట మన రైల్వేలలో ఏటేట జరుగవలసిన పని.

కొనలనడుమ విడువవలసిన సందు పట్టా వేయునాటి వేడినిబట్టి యుండును. మధ్యాహ్నమున వేసినచో తక్కువ, ఉదయమున వేసినచో ఎక్కువ. తక్కువ విడిచినచో వేసవిలో కొనలు ఢీకొని పట్టా వంగును. ఎక్కువ విడిచినచో చలిరాత్రి పట్టా ముడుచుకొని బోల్టులను లాగి తెంచజూచును, పగలు చక్రము గోతిలో పడినట్లు పడును.

ఆ టకటక శబ్దమును విననివారెవరు? దానితో మన గణితోపాధ్యాయులు ఒక వేడుక చేయవచ్చును. పట్టా 13 మీటర్లైనచో, 47 సెకండులలో ఎన్ని యతుకులు దాటునో, గంటకు బండి పోవు కిలోమీటర్లన్నియే. కారణము విద్యార్థులే కనుగొందురుగాక. గడియారము పట్టుకొని తమ స్థానమున కూర్చుండియే లెక్కింపవలెను గాని కిటికీలో తలపెట్టరాదు.

వేడుక వేఱు, పట్టా కష్టము వేఱు. ఎంత చక్కగా బిగించినను అతుకుచోటు పట్టా నడిమిభాగమంత గట్టిగా నుండదు. అందుకే అతుకును రెండు స్లీపర్లకు మధ్య నుంచి, ఆ రెండు స్లీపర్లను మిగిలినవానికంటె దగ్గఱగా వేయుదురు. అయినను దెబ్బపై దెబ్బ తగిలి క్రిందికంకర నలిగి, అతుకు కొంచెము దిగును. దిగినకొలది దెబ్బ పెద్దదగును. దెబ్బ పెరిగినకొలది ఇంకను దిగును. ఇట్టిచోట బోల్టురంధ్రపు అంచునుండి వెండ్రుకవంటి చీలిక పుట్టును. ప్లేటు కప్పియుండుటచే అది కంటికి కానరాదు. 1967 నవంబరు 5 వ తేదీన లండనుదగ్గఱ హిదర్ గ్రీన్ అనుచోట అతుకువద్ద ఇట్టి చీలిక పెరిగి పట్టా ముక్క విఱిగినందున బండి పడి 49 మంది మృతినొందిరి. 2013 జూలై 12 వ తేదీన ఫ్రాన్సులో బ్రెతిన్యీ స్టేషనున ఒక ఫిష్ ప్లేటు వదులై, త్రిప్పుకొని, చక్రముల దారికడ్డముపడగా ఏడుగురు చనిపోయిరి. చేతిలో పట్టుకొని మోయదగిన ఇనుపబద్ద యది. సంపన్నదేశములలోనే యిట్లు జరిగెనన్న, బోల్టును తట్టి చూచువాని పని యెంత పెద్దదో తల్లిదండ్రులే యూహింతురు. మన దేశమున బుద్ధిపూర్వకముగా బండిని పడగొట్టగోరి పట్టాను విప్పువానికి 1989 నాటి రైల్వే చట్టముచే యావజ్జీవశిక్ష విధింపవచ్చును.

అతుకే యీ యనర్థములకు మూలమైనచో దానిని తీసివేయుట మేలని యింజనీరులు తలచిరి. హాన్సు గోల్డుష్మిట్ అను జర్మను రసాయనజ్ఞుడు అల్యూమినియపు పొడిని ఇనుపతుప్పుతో కలిపి మండించిన, రెండువేల డిగ్రీలకు మించిన వేడితో కరగిన యినుము వచ్చునని 1895 లో పేటెంటు పొందెను. 1899 లో ఎస్సెను పట్టణపు ట్రాము పట్టాలను ఈ విధముగా నతికిరి. రెండు కొనలచుట్టు అచ్చు కట్టి, ఆ ద్రవమును పోసి, చల్లారిన పిమ్మట పైభాగమును నునుపుగా అరగదీయుదురు. ఇప్పుడు క్రొత్తగా వేయు దారులలో సాధారణముగా పట్టాలు ఇట్లుగాని విద్యుచ్ఛక్తిచేగాని మైళ్లకొలది అతుకబడియుండును. టకటక వినరాదు.

మఱి మేము పైని చెప్పిన పది మీటర్లు ఏమైనవి? ఎక్కడికిని పోలేదు. పట్టాను సాగనీయక స్లీపర్లును కంకరయు పట్టియుంచును. సాగలేని పట్టా ఆ కోరికను బలముగా మార్చుకొనును. మీటరుకు 60 కిలోల బరువుగల పట్టాలో ఒక్క డిగ్రీకి ఇంచుమించు 1.9 టన్నుల ఒత్తిడి పుట్టును. 30 డిగ్రీలు హెచ్చిన 57 టన్నులు. చలిలో అంతయే లాగుడు. పట్టా మధ్యభాగము కదలదు. రెండు చివరల దాదాపు నూఱేసి మీటర్లు మాత్రము ఊపిరి తీసి విడిచినట్లు జరుగుచుండును. అచ్చట ఒక విచిత్రమైన కీలు పెట్టుదురు. కొనలు ఎదురెదురుగా ఆనక, ఒకటి నాలుకవలె సన్నగిలి రెండవదాని ప్రక్కను ఏటవాలుగా ఒరసికొని జారును. చక్రమునకు గోయి తగులదు.

అయినను ఫిష్ ప్లేటు పదవి పోలేదు. యార్డులలోను, పాయింట్లవద్దను అది నేటికిని కలదు. అతికిన చోట అనుమానము కలిగినప్పుడు, ఆ యుబ్బును తప్పించుకొనునట్లు మధ్య వంచిన ప్లేటుతో బంధింతురు. సిగ్నళ్లకొఱకు పట్టాలలో సన్నని విద్యుత్ప్రవాహమును నడపుదురు. బండి చక్రములు దానిని తమగుండ త్రిప్పివేయగానే సిగ్నలు ఎఱ్ఱనగును. 1872 లో విలియం రాబిన్సను కల్పించిన యీ యేర్పాటునకు, ఒక భాగపు విద్యుత్తు రెండవదానిలోనికి పోకుండ పట్టాను తెంపియుంచవలెను. తెంపిన చోట విద్యుత్తును పోనీయని పదార్థమును నడుమ నుంచి, జిగురుతో అంటించి, బోల్టులు బిగించి అతుకుదురు. బరువునకు కలిసియు విద్యుత్తునకు విడియు నుండు నీ యతుకు మఱియొక విరుద్ధాజ్ఞకు సమాధానము.

వీటన్నిటిని కనిపెట్టియుండువాడు కీమ్యాను. భుజముపై స్పానరు, చేత సుత్తె, ఎఱ్ఱజెండాలు పట్టుకొని తనకు విధింపబడిన మేర ప్రతిదినము నడచి, వదులైన బోల్టును బిగించును, ఊడిన క్లిప్పును దిగగొట్టును. కంకర తొలగిన చోట పట్టా వేసవిలో ప్రక్కకు ఉబుకును గనుక, ఆటకై కంకరరాళ్లు తీయు పిల్లలు అతనికి శత్రువులు. పొడవుగా నతికిన పట్టా, బిగించినప్పటి వేడికంటె 20 డిగ్రీలు మించి కాగినప్పుడు పట్టావెంట ప్రత్యేకముగా కావలివాండ్రు తిరుగవలెను. 30 డిగ్రీలు తగ్గినప్పుడు చలిరాత్రియందును అట్లే తిరుగవలెను. మొదటివారు పట్టా వంకరపోయెనా యని చూతురు, రెండవవారు విఱిగెనా యని లాంతరు దించి చూతురు.