పుస్తకం మనిషిని మారుస్తుందా?

వై.ఎస్.ఆర్. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె ఒకప్పుడు చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు మాత్రమే తెలిసిన పల్లె. వేరుసెనగ చేలు, చీనీ తోటలు, వాన కోసం ఆకాశం వైపు చూసే కళ్లు - ఇదే ఆ ఊరి పరిచయం. 2007లో అక్కడ యురేనియం గనికి శంకుస్థాపన జరిగాక ఆ పేరు దేశమంతటా వినిపించింది. అయితే నేల అడుగున ఉన్నది శుద్ధమైన లోహం కాదు, రాయి. వెయ్యి కిలోల రాయిని తవ్వితీసినా అందులో ఒక్క కిలో యురేనియం కూడా ఉండదు. దానిని పొడిచేసి, కరిగించి, వడగట్టి, ఎన్నో దశలు దాటిస్తే తప్ప చేతికేమీ రాదు.

మహాప్రవక్త ముహమ్మద్ (స) మనుషులను బంగారు, వెండి గనులతో పోల్చారు. అజ్ఞాన కాలంలో శ్రేష్ఠులైనవారు ధర్మాన్ని గ్రహిస్తే ఇస్లాంలోనూ శ్రేష్ఠులవుతారని సెలవిచ్చారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉన్నది. దీనిని నేను చాలాసార్లు చదివాను. దాని భావం మనసుకెక్కింది మాత్రం తుమ్మలపల్లెలోనే.

ఒక నోటుపుస్తకం కథ

బంధువుల ఇంట నికాహ్‌కు ఆ ఊరు వెళ్లి, మా ఖాలా కుమారుని ఇంట రెండు రాత్రులు ఉన్నాను. అతడు చీనీ తోట రైతు. నాకన్నా చిన్నవాడు, పదవ తరగతితో చదువు ఆపినవాడు. ఇంట్లో గూటిలో దివ్య ఖుర్ఆన్ పక్కన అట్ట ఊడిపోయిన ఒక వ్యక్తిత్వ వికాస గ్రంథం, దానిపై ఒక నోటుపుస్తకం కనిపించాయి. పులివెందుల బస్టాండులో కొన్నానని చెప్పాడు. ఎప్పుడు కొన్నావని అడిగితే మూడేళ్లయిందన్నాడు. చదవడం పూర్తయిందా అని అడిగాను.

“యాడ అయిపోతుందన్నా! మొదటి పాఠమే ఇంకా చేతికి రాలేదు,” అని నవ్వాడు.

కోపం వచ్చినప్పుడు మాట్లాడకుండా కొంతసేపు ఆగడం, ఆ రోజు ఆగగలిగానా లేదా అని రాత్రి రాసుకోవడం - ఆ మొదటి పాఠంలో అతడు పట్టుకున్నది ఇంతే. మహాప్రవక్త (స) కూడా కోపం వచ్చినవాడు మౌనం వహించాలనీ, నిలబడి ఉంటే కూర్చోవాలనీ బోధించారని మసీదులో విన్నాక ఆ పాఠాన్ని వదలలేదట. నోటుపుస్తకం నిండా తేదీలు, వాటి ఎదుట టిక్కులు, ఇంటూ గుర్తులు. మొదటి పేజీలలో ఇంటూలే ఎక్కువ. ఇంతలో అతని భార్య అందుకొని, “ఒకప్పుడు ఈయన బండి చప్పుడు వింటే పాప లోపలికి పరుగెత్తేది. ఇప్పుడు బయటికి పరుగెత్తుతుంది,” అన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా బీరువాలో అటువంటి గ్రంథాలు నలభైకి పైగా ఉన్నాయి. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ మొదలు బి.వి. పట్టాభిరామ్ రచనల వరకు అన్నీ చదివాను, ఇతరులకు సిఫారసు చేశాను. కాని నా అడుగుల చప్పుడు వింటే నా పిల్లలు ఎటు పరుగెత్తుతున్నారన్న ప్రశ్న ఏనాడూ వేసుకోలేదు.

చదివినంత మాత్రాన చాలదు

తౌరాతు గ్రంథ భారాన్ని మోయవలసి ఉండి మోయనివారిని దివ్య ఖుర్ఆన్ జుముఆ సూరాలో పుస్తకాలు మోసే గాడిదతో పోల్చింది. ఇది ఎవరో గతించినవారికి మాత్రమే చెప్పిన మాట అనుకుంటే పొరపాటు. సహాబాలు పది ఆయతులు నేర్చుకొంటే, వాటిలోని జ్ఞానాన్నీ ఆచరణనూ గ్రహించేవరకు తరువాతి పది ఆయతులకు పోయేవారు కాదని అబూ అబ్దుర్రహ్మాన్ సులమీ (రహ్మ) తెలిపారు. అల్లాహ్ గ్రంథం విషయంలోనే వారు ఇంత నిదానం పాటిస్తే, మనుషులు రాసిన పుస్తకాన్ని ఒక్క రాత్రిలో ముగించి మారిపోయామనుకోవడం ఎంతటి భ్రమ!

వ్యక్తిత్వ వికాస సాహిత్యం పడమటి దేశాలలో పుట్టిందని చాలామంది తలుస్తారు. శామ్యూల్ స్మైల్స్ ‘సెల్ఫ్ హెల్ప్’ వెలువడినది 1859లో. అంతకు ఏడున్నర శతాబ్దాల క్రితమే ఇమామ్ గజాలీ (రహ్మ) ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ను, సామాన్యుల కోసం ఫారసీలో ‘కీమియా యె సఆదత్’ను రచించారు. ఆయన బాగ్దాదు నిజామియా విద్యాపీఠంలో పేరుమోసిన ఆచార్యులు. తన బోధన వెనుక దైవప్రసన్నత కన్నా కీర్తికాంక్షే ఉన్నదని గ్రహించి 1095లో ఆ పదవిని వదలి వెళ్లిపోయారు. తనను తాను సంస్కరించుకునే ప్రయత్నంలో ఉన్నవాని రచన గనుకనే దానికి అంతటి బలం వచ్చింది.

రాయిని బట్టి పద్ధతి

పుట్టుకతో వచ్చిన గుణం మారదు అనేవారికి ఇమామ్ గారు ఖర్జూర విత్తనాన్ని చూపారు. విత్తనం చెట్టు కాదు. కాని పెంచితే ఖర్జూర చెట్టు కాగల స్వభావం దానిలో ఉన్నది. పెంపకం ఎంత బాగున్నా అది ఆపిల్ చెట్టు మాత్రం కాదు. అలాగే కోపాన్ని, కోరికను సమూలంగా పెకలించలేము. సాధనతో అదుపులో పెట్టుకోగలము. మనిషిని మరొకనిగా మార్చేస్తానని వాగ్దానం చేసే పుస్తకాన్ని అనుమానించండి. మీలో ఉన్నదానిని పెంచుతానన్న పుస్తకాన్ని నమ్మవచ్చు.

రోగులందరికీ ఒకే మందు ఇచ్చే వైద్యుడు చాలామందిని చంపుతాడని కూడా ఆయన హెచ్చరించారు. తుమ్మలపల్లె గని ఇందుకు చక్కని ఉపమానం. జార్ఖండ్ గనుల రాయి నుండి ఆమ్లంతో యురేనియం తీస్తారు. తుమ్మలపల్లెది సున్నపు జాతి రాయి. ఆమ్లం పోస్తే అదంతా రాయికే ఖర్చవుతుంది. అందుకే ఇక్కడ క్షార పద్ధతిని అనుసరించారు. ఒకరికి పనికివచ్చిన అలవాటు మరొకరికి భారం కావచ్చు. మీ లోపమేమిటో తెలుసుకున్నాకే పుస్తకంలోని చికిత్సను ఎంచుకోండి. ఆ లోపం తెలిసే మార్గాలలో నిజాయితీ గల మిత్రుని మాట ఒకటి, శత్రువు వేసే నింద మరొకటి అన్నారు ఇమామ్ గారు. ఇంట్లో భార్య, పిల్లలు చెప్పే మాటను మొదటి దానిగా స్వీకరించడం నేర్చుకుంటే రెండవ దాని అవసరం చాలావరకు తగ్గుతుంది.

కొద్దిగానైనా నిత్యం

మంచి దస్తూరీ కావాలనుకునేవాడు నేర్పరి రాసినట్లు పదేపదే రాస్తాడు. మొదట అది బలవంతపు అనుకరణ. చివరకు అదే చేతి స్వభావమవుతుంది. సద్గుణమూ ఇలాగే అలవడుతుందని ‘ఇహ్యా’ బోధ. అల్లాహ్‌కు అత్యంత ప్రీతికరమైన కర్మ, కొద్దిదైనా నిత్యం చేసేదేనని మహాప్రవక్త (స) ప్రబోధించారు.

నేటి పరిశోధన కూడా ఇదే దారిలో ఉన్నది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిపై చేసి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక కొత్త అలవాటు స్థిరపడడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలగా, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని అంచనా వేశారు. మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన శ్రమ వృథా కాలేదు. కనుక 21 రోజులలో మారలేదని నిరాశపడకండి. నిత్యం జరిగే ఒక పని వెంట కొత్త అలవాటును జోడిస్తే అది సులభంగా నిలుస్తుంది. రోజుకు ఐదుసార్లు నమాజుకు లేచే ఇంటికి ఇంతకన్నా మంచి సదుపాయం ఏమి కావాలి? ఫజ్ర్ తరువాత ఒక పేజీ చదవడం, మగ్రిబ్ తరువాత సెల్‌ఫోన్లు పక్కనపెట్టి పిల్లల చెంత కూర్చోవడం - ఇంతటితో మొదలుపెట్టవచ్చు.

ఇక లెక్క చూసుకోవడం. అల్లాహ్ లెక్క తీసుకోకముందే మీ లెక్క మీరు చూసుకోండన్నది హజ్రత్ ఉమర్ (రజి) హితవు. ఇమామ్ గజాలీ (రహ్మ) మనసును వ్యాపార భాగస్వామితో పోల్చారు. ఉదయం షరతు పెట్టాలి, పగలు కనిపెట్టాలి, రాత్రి లాభనష్టాలు చూడాలి. మా తమ్ముడు ఆ అధ్యాయం చదవలేదు. కాని అతని నోటుపుస్తకం ఆ లెక్కల పుస్తకమే.

వ్యర్థం పట్ల జాగ్రత్త

గని విషయంలో మరొక మాట మరువరాదు. శుద్ధి చేశాక మిగిలే వ్యర్థం వల్ల తమ బోరు నీళ్లు, తోటలు పాడవుతున్నాయని తుమ్మలపల్లె చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా ఆందోళన చెందుతున్నారు. మనసును శుద్ధి చేసే పనిలోనూ ఒక వ్యర్థం మిగులుతుంది. దాని పేరు ‘ఉజ్బ్’, అనగా తన మంచితనాన్ని చూసి తానే మురిసిపోవడం. ఉదయం నాలుగింటికి లేచేవాడు ఆరింటికి లేచేవానిని చులకన చేస్తే, ఆ మేల్కొలుపు అతనికి మేలు చేయలేదు. ‘నేను, నా విజయం’ అని మాత్రమే నేర్పే పుస్తకాలు ఈ విషాన్ని పెంచుతాయి. నేను మారితే నా ఇరుగుపొరుగుకు, తల్లిదండ్రులకు, నా చేతికింద పనిచేసేవారికి ఏమి ఒరిగింది? ఏ పుస్తకాన్నైనా ఈ గీటురాయిపై గీసి చూడాలి.

ఒక జాతి తనలో ఉన్నదానిని తాను మార్చుకోనంతవరకు అల్లాహ్ దాని స్థితిని మార్చడని దివ్య ఖుర్ఆన్ రఅద్ సూరాలో తెలిపింది. ఆ మార్పు ఇంటి గడప లోపల మొదలవుతుంది. తుమ్మలపల్లె నుండి తిరిగి వచ్చాక నేను కొత్త పుస్తకం కొనలేదు. పది రూపాయల నోటుపుస్తకం కొన్నాను. ఇప్పటికి అందులో ఇంటూలే ఎక్కువగా ఉన్నాయి. మా ఇంటి పిల్లలు మాత్రం ప్రతి రాత్రి దానిని తెచ్చి ఇచ్చి, “అబ్బా, ఈ రోజు ఏ గుర్తు?” అని అడుగుతున్నారు. చదివిన దానిని ఆచరించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.