మీకు తెలుసా? శొంఠి ఘాటు, కోకో కమ్మదనం

డిసెంబరు వచ్చిందంటే ఐరోపా, అమెరికా వంటిళ్లలో నక్షత్రాలు, గంటలు, క్రిస్మస్ చెట్లు, చేతులు చాపి నిలబడ్డ చిట్టి మనుషులు ఓవెన్‌లోంచి వరసగా బయటికొస్తాయి. అవే జింజర్‌బ్రెడ్ కుకీలు. శొంఠి, దాల్చినచెక్క, మొలాసిస్ కలిసిన ఆ పిండికి కోకో కూడా తోడైతే రుచే వేరు. ఈ కుకీల అందమంతా పైన వేసే ఐసింగ్‌లోనే ఉందనుకుంటారు చాలామంది. నిజానికి అవి బాగా కుదరడం, కుదరకపోవడం పిండి కలిపేటప్పుడే తేలిపోతుంది. ఆ పిండి వెనకున్న చరిత్ర, రసాయనం, కిటుకులు ఇవిగో.

● జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరం మసాలా కుకీలకు శతాబ్దాలుగా పేరుమోసింది. ఊరి చుట్టూ ఉన్న అడవుల్లో తేనె పుష్కలంగా దొరికేది. తూర్పు దేశాల మసాలాలు వర్తక మార్గాల్లో అక్కడికి చేరేవి. ఆ రెండూ కలిసి 'లెబ్‌కూఖెన్' అయ్యాయి. 1643లో వీటి తయారీదారులకు సొంత వృత్తి సంఘం ఏర్పడింది. 1996లో ఐరోపా యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఆ నగరంలో చేసినవాటికే 'న్యూరెంబర్గ్ లెబ్‌కూఖెన్' అన్న పేరు చెల్లుతుంది. వీటిలో మేలురకమైన 'ఎలిసెన్'లో బాదం, హేజల్‌నట్, వాల్‌నట్ వంటి పప్పులు కనీసం 25 శాతం ఉండాలి, పిండి 10 శాతం దాటకూడదు. చాక్లెట్ పూత వేసినవీ అక్కడ విరివిగా అమ్ముతారు.

● రేకు అచ్చులకంటే ముందు చెక్క అచ్చులే రాజ్యమేలాయి. ఖగోళ శాస్త్రవేత్త కోపర్నికస్ పుట్టిన పోలెండ్ నగరం టోరున్ వీటికి ప్రసిద్ధి. రాజులు, రాణులు, గుర్రపు బళ్ల బొమ్మలు చెక్కిన అచ్చుల్లో పిండి నొక్కి కాల్చేవారు. ఈ కుకీల కోసమే అక్కడ ఒక మ్యూజియం కూడా ఉంది. ఇక మనిషి ఆకారం సంగతికొస్తే, ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ తన అతిథుల పోలికలతో జింజర్‌బ్రెడ్ బొమ్మలు చేయించి వాళ్లకే బహూకరించేదని ప్రతీతి.

● ఉత్తర క్రొయేషియాలో ఎర్రటి రంగు పూసి, తెల్లటి గీతలతో అలంకరించే జింజర్‌బ్రెడ్ హృదయాలను పెళ్లిళ్లకూ పండగలకూ కానుకగా ఇస్తారు. ఆ చేతిపనికి 2010లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు దక్కింది. పిండి, పంచదార, నీళ్లు, సోడా, కొద్దిగా మసాలా ఉంటే చాలు, సరుకులు అంతే. గొప్పతనమంతా పనితనానిదే.

● వంటసోడా రాకముందు ఈ పిండిని పొంగించింది కట్టెల బూడిద. బూడిదలోంచి తీసిన పొటాష్‌ను శుద్ధిచేసి పిండిలో కలిపేవారు. 1796లో అమెరికాలో అచ్చయిన అమేలియా సిమన్స్ వంటల పుస్తకం 'అమెరికన్ కుకరీ'లోని జింజర్‌బ్రెడ్ వంటకాల్లో ఈ పద్ధతి కనిపిస్తుంది. జర్మనీలో సంప్రదాయం పాటించేవాళ్లు ఇప్పటికీ ఆ పొటాష్‌నే, అంటే పొటాషియం కార్బొనేట్‌నే వాడతారు. తేనె కలిపిన పిండిని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి చల్లటి చోట మాగబెట్టి, ఆ తర్వాతే కాలుస్తారు.

● పచ్చి అల్లం తురుము వేస్తే ఇంకా బాగుంటుందనుకోవద్దు. ఈ పిండికి శొంఠే సరైనది. అల్లంలోని ఘాటుకు కారణం జింజరాల్ అనే పదార్థం. అల్లం ఎండేటప్పుడు అందులో కొంత షోగాల్‌గా మారుతుంది. దాని ఘాటు జింజరాల్ కంటే ఎక్కువ. శొంఠి కషాయం గొంతులో అంతసేపు చురుక్కుమనడానికి కారణం ఇదే. పైగా పచ్చి అల్లంలోని నీరు పిండిని జిగటగా మార్చి, ఒత్తడం కష్టం చేస్తుంది.

● కోకో పొడికి దారి తీసింది నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హౌటెన్ కుటుంబం. కోకో ముద్దను గట్టిగా నొక్కి, అందులోని వెన్నను వేరుచేసే యంత్రానికి 1828లో పేటెంట్ పొందింది. మిగిలిన చెక్కను పొడిచేస్తే కోకో పొడి. దానికి క్షార లవణాలు కలిపి పులుపు తగ్గించి, రంగు ముదిర్చే పద్ధతీ వాళ్లదే. అందుకే దాన్ని 'డచ్ ప్రాసెస్' కోకో అంటారు. ఈ శుద్ధి జరగని మామూలు కోకోలో కొంత ఆమ్ల గుణం ఉంటుంది. మొలాసిస్‌లోనూ అంతే. వంటసోడా ఆ ఆమ్లంతో కలిసినప్పుడు వాయు బుడగలు పుట్టి పిండి పొంగుతుంది. కాబట్టి ఏ కోకో వాడినా మొలాసిస్ ఉందంటే సోడాకు పని దొరికినట్టే.

● మొలాసిస్ అంటే చెరకు రసం కాచి పంచదార తీశాక మిగిలే నల్లటి చిక్కటి పాకం. బెల్లం తయారీలో దాన్ని వేరుచేయరు, మొత్తం బెల్లంలోనే ఉండిపోతుంది. అందువల్ల మొలాసిస్ దొరకని చోట ముదురు రంగు బెల్లం అక్కరకొస్తుంది. కొద్ది నీళ్లలో కరిగించి, వడకట్టి, తేనెంత చిక్కగా కాచి, పూర్తిగా చల్లార్చి వాడాలి. వేడిమీద పోస్తే వెన్న కరిగిపోయి, పిండి ముద్ద కుదరదు. మొలాసిస్‌లోని చిరుచేదు మాత్రం బెల్లానికి రాదు. ఆ లోటు కోకో పూడుస్తుంది.

● కొలతలు ఇలా తీసుకోవచ్చు. మైదా 325 గ్రాములు, కోకో 45, వెన్న 140, బ్రౌన్ షుగర్ 150 గ్రాములు, మొలాసిస్ అరకప్పు, గుడ్డు ఒకటి. శొంఠి పొడి మూడు టీస్పూన్లు, దాల్చినచెక్క పొడి రెండు, లవంగాల పొడి పావు టీస్పూను, వంటసోడా ముప్పావు, ఉప్పు అర టీస్పూను. గుడ్డు తిననివాళ్లు మూడు టేబుల్‌స్పూన్ల పాలు పోసుకోవచ్చు. మైదాకు అదనంగా కోకో వేయకూడదు, కొంత మైదా తగ్గించి ఆ మేరకు వేయాలి. కోకో తడిని బాగా పీల్చుకుంటుంది, మైదా తగ్గించకపోతే పిండి పొడిబారి అంచులు పగులుతాయి. లవంగం విషయంలో చెయ్యి జారిందా, మిగతా రుచులన్నీ దాని కిందే అణగిపోతాయి.

● మసాలా పొడులు, కోకో నేరుగా మైదాలో కలపడం కంటే, వెన్నలో కొంత భాగం కరిగించి ఆ గోరువెచ్చటి వెన్నలో కలిపి పక్కన పెట్టడం మేలు. వాటి పరిమళాన్నిచ్చే పదార్థాలు చాలావరకు నీటిలో కంటే కొవ్వులోనే బాగా కరుగుతాయి. పోపు నూనెలో పడ్డాకే ఇంగువ వాసన ఇల్లంతా కమ్ముకున్నట్టు, వెచ్చటి వెన్న తగిలాకే శొంఠి, దాల్చినచెక్క, కోకో ఒకదానితో ఒకటి కలిసి ఘుమఘుమలాడతాయి. ఈ మిశ్రమం బాగా చల్లారాకే మిగతా వెన్న, చక్కెర గిలకొట్టి కలపాలి.

● పిండి కలపగానే ఒత్తకూడదు. రెండు మూడు బిళ్లలుగా తట్టి, ప్లాస్టిక్ రేపర్ చుట్టి, ఫ్రిజ్‌లో కనీసం రెండు గంటలు ఉంచాలి. రాత్రంతా ఉంచితే మరీ మంచిది. ఆ చలికి వెన్న గట్టిపడుతుంది, మైదా తడిని సమంగా పీల్చుకుంటుంది, కలిపేటప్పుడు బిగిసిన గ్లూటెన్ సడలుతుంది. ఈ మూడూ జరగని పిండితో కట్ చేసిన నక్షత్రం ఓవెన్‌లో కొనలు పోగొట్టుకుని గుండ్రంగా పరుచుకుంటుంది. వెన్న కరిగే వేగం పిండి గట్టిపడే వేగాన్ని మించిపోవడమే అందుకు కారణం. ఫ్రిజ్‌లోంచి తీశాక ఐదు పది నిమిషాలు బయట ఉంచి ఒత్తితే పగుళ్లు రావు.

● చాక్లెట్ పిండి మీద మైదా చల్లితే కాల్చాక తెల్లటి మరకలు మిగులుతాయి. దానికి బదులు కోకో పొడే చల్లండి. ఇంకా సులువైన దారి, రెండు బేకింగ్ పేపర్ల మధ్య పిండి పెట్టి ఐదారు మిల్లీమీటర్ల మందాన ఒత్తడం. పై కాగితం తీసి, కట్టర్ అంచును కోకోలో అద్ది, నిటారుగా నొక్కి, మెలితిప్పకుండా పైకి తీయాలి. తర్వాత ఆకారాన్ని ఎత్తకూడదు, దాని చుట్టూ ఉన్న పిండినే ఒలిచి తీసేయాలి. ఆకారాలు కాగితం మీదే ఉండిపోతాయి. ఆ కాగితాన్ని అలాగే ట్రేలోకి జరిపితే ఒక్క కాలూ, ఒక్క చెయ్యీ సాగదు. కాల్చేముందు ట్రేను పావుగంట ఫ్రీజర్‌లో పెడితే అంచులు పదునుగా నిలుస్తాయి.

● మామూలు కుకీ వేగిందా లేదా అన్నది రంగు చూసి చెప్పొచ్చు. చాక్లెట్ కుకీ పచ్చిగా ఉన్నప్పుడూ నల్లగానే ఉంటుంది, మాడినా నల్లగానే ఉంటుంది. అందుకే 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనిమిది నిమిషాలకే ఓ కన్నేసి, వేలితో అంచు తాకి చూడాలి. అంచు గట్టిగా, నడుమ కాస్త మెత్తగా ఉంటే తీసేయొచ్చు. ట్రే మీదే చల్లారుతూ గట్టిపడుతుంది. మాడు వాసన వచ్చేదాకా ఆగితే కోకో చేదెక్కుతుంది.

● గ్రిమ్ సోదరుల కథల సంపుటి తొలి భాగం 1812లో వెలువడింది. అందులోని హాన్సెల్, గ్రెటెల్ కథతో, అడవిలో తినే ఇల్లు ఐరోపా పిల్లల మనసుల్లో నిలిచిపోయింది. జింజర్‌బ్రెడ్ ఇళ్లు కట్టే సరదా జర్మనీ నుంచి అమెరికా దాకా పాకింది. 2013లో టెక్సాస్‌లోని బ్రయాన్‌లో 39,201.8 ఘనపుటడుగుల జింజర్‌బ్రెడ్ ఇల్లు కట్టి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఇల్లు కట్టాలంటే పిండిలో సోడా బాగా తగ్గించాలి లేదా మానేయాలి. పొంగిన గోడలు ఒకదానికొకటి అతకవు. పండగ కుకీకి మెత్తదనం కావాలి, గోడకు గట్టిదనం కావాలి.

● పిల్లలకు ఈ పిండి రుచి చూడాలని చెయ్యి లాగుతుంది. వద్దని చెప్పండి. ప్రమాదం పచ్చి గుడ్డుతోనే కాదు, కాల్చని మైదాలోనూ హానికర బ్యాక్టీరియా ఉండొచ్చు. ఐసింగ్‌కు పచ్చి గుడ్డు తెల్లసొన బదులు మెరింగ్ పౌడర్ వాడటం క్షేమం.

● చివరిగా మన సంగతి. దేశంలో కోకో పండించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం. ఏలూరు, పశ్చిమ గోదావరి, కోనసీమ ప్రాంతాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడన అంతరపంటగా కోకో పెరుగుతుంది. రైతులు కాయలు కొట్టి, గింజలను కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెడతారు. చాక్లెట్ రుచికి పునాది ఆ పులియబెట్టడంలోనే పడుతుంది. అది సరిగా జరగకపోతే ఎంత ఖరీదైన యంత్రమూ ఆ రుచిని తేలేదు. శొంఠి మన వంటింట్లోనే ఉంది, బెల్లం మన అనకాపల్లిలో ఉంది, కోకో మన గోదావరి తోటల్లో ఉంది. ఈసారి పండక్కి అంగడి కుకీల డబ్బా కొనే ముందు, ఒక సాయంత్రం పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు పిల్లల చేతికి కట్టర్లు ఇవ్వండి. కోకో కొనేటప్పుడు మన రైతుల గింజలతో చేసినదేమో అడిగి మరీ తీసుకోండి.