గోల్ఫు కర్రల ఎంపిక

గోల్ఫు అనగానే మన యిండ్లలో పలువురకు తోచునది అది కలవారి ఆట యని. ఆ మాటలో నిజము లేకపోలేదు. అయినను గోలకొండ వద్దను, విశాఖపట్టణమునందును మైదానములు కలవు. ఉద్యోగరీత్యా పరనగరములకును, విదేశములకును పోయిన తెలుగువారిలో నలుబదేండ్లు దాటిన పిమ్మట ఈ ఆటకు అలవాటుపడినవారును ఉన్నారు. అట్టివారికి తొలి కష్టము మైదానములో కాక దుకాణములో ఎదురగును. గోడ పొడవునను నిలిపిన నిగనిగలాడు కర్రలను చూచి, ఏ విజేత చేతిలోనో చిత్రములో కనబడిన దానిని కోరి, రెండుమూడు నెలల జీతము వెచ్చించి కొందురు. ఏడాది గడచునప్పటికి మోచేయి నొప్పి మిగులును. కర్రలు అటక యెక్కును. ఈ నష్టమును తప్పించుకొను మార్గమును గూర్చియే మా ప్రసంగము.

ఆట యెరుగని శ్రోతలకై రెండు మాటలు. గోల్ఫులో ఒక చిన్న బంతిని కర్రతో కొట్టుచు, దూరముననున్న గుంటలో వేయవలెను. గుంట అడ్డుకొలత 108 మిల్లీమీటర్లు. అట్టి గుంటలు పదునెనిమిది. గుంట చుట్టును నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీను అందురు. ఎవరు తక్కువ దెబ్బలతో ముగింతురో వారిది గెలుపు. బంతిని కొట్టు సాధనమును ఆంగ్లేయులు క్లబ్బు అందురు. మనకు ఆ మాట సంఘమును స్ఫురింపజేయును గనుక మేము కర్ర అనియే వ్యవహరించెదము. పూర్వము దాని కాడను హికరీ అను చెట్టు కొయ్యతో చేసెడివారు. నేడు ఉక్కుతోనో గ్రాఫైటుతోనో చేయుచున్నారు.

ఒకే కర్రతో ఆట సాగదు. దూరము పంపుటకు డ్రైవరు, నడిమి దూరములకు ఐరనులు, గ్రీను సమీపమున బంతిని పైకెత్తి దింపుటకు వెడ్జిలు, గ్రీనుమీద దొర్లించుటకు పట్టరు వలయును. వీని ముఖ్యభేదము వాలులో ఉన్నది. కర్ర ముఖము ఎంత వెనుకకు వాలియుండునో బంతి అంత పైకి లేచును, అంత దగ్గరగా దిగును. డ్రైవరు వాలు సామాన్యముగా 9 మొదలు 12 డిగ్రీలు. ఇసుకలోనుండి బంతిని వెలికి తీయు వెడ్జి వాలు 54 మొదలు 56 డిగ్రీలు. పట్టరు వాలు మూడు నాలుగు డిగ్రీలు మాత్రమే.

సంచిలో ఎన్ని కర్రలుండవలెను? పదునాల్గింటికి మించరాదని నియమము. ఒకప్పుడు కొందరు ఇరువదికి మించి మోయించుచుండగా, అమెరికా సంఘము 1938లోను, సెయింట్ ఆండ్రూస్‌లోని సంఘము 1939లోను ఈ హద్దు విధించెను. గమనింపదగినదేమనగా, ఇది పైహద్దు మాత్రమే. ఇన్ని యుండితీరవలెనని ఎచ్చటను లేదు. 1916లో అమెరికా ఓపెన్ పోటీని చిక్ ఇవాన్స్ అను అమెచ్యూరు ఏడు కర్రలతోనే గెలిచెను. మొదటిసారి కొనువారికి ఏడు చాలునని మా అభిప్రాయము: వాలు ఎక్కువగల డ్రైవరు గాని మూడవ నంబరు వుడ్ గాని ఒకటి, హైబ్రిడ్ ఒకటి, ఆరవ, ఎనిమిదవ నంబరు ఐరనులు, పిచింగ్ వెడ్జి, ఇసుక వెడ్జి, పట్టరు. నంబరు ఐరనులలో మూడు, నాలుగు నంబరులవి కొట్టుట మిక్కిలి కష్టము. వాని స్థానమున వచ్చిన హైబ్రిడ్ వెడల్పైన అడుగు భాగము కలిగి, గడ్డిలో చిక్కుకొనక బంతిని సులభముగా లేపును.

ఇక ఏ విధమైన కర్ర అను ప్రశ్న. ఇచ్చట శ్రోతలు ఒక సూత్రమును గుర్తుంచుకొన్నచో తక్కినదంతయు దానినుండి వచ్చును: మనము కొట్టిన దెబ్బలలో ఉత్తమమైనదానికి కాదు, సామాన్యమైనదానికి తగిన కర్రను కొనవలెను. పదింటిలో ఒకసారి బంతి చక్కగా ఎగిరి దూరమున దిగును. ఆ ఒక్కటియే మనస్సున నిలుచును. దుకాణములో మనము ఆ ఒక్కదానినే తలచుకొని కర్రను ఎన్నుకొందుము. కాని ఆటలో లెక్కకు వచ్చునవి తక్కిన తొమ్మిదియు.

వృత్తిక్రీడాకారుని డ్రైవరు వేగము గంటకు సుమారు 185 కిలోమీటర్లు. సామాన్య అమెచ్యూరుది సుమారు 150. మొదటివారి బంతి 270 మీటర్లకు పైబడి పోవును. రెండవవారిది 200 మీటర్ల ప్రాంతమున నిలుచును. అంతకంటె ముఖ్యమైన భేదము వేరొకటి కలదు. నేర్పరి ప్రతిసారియు కర్ర ముఖపు నడిమినే బంతికి తాకించును. సామాన్యుడు ఒకసారి కొనకు, ఒకసారి మడమకు తాకించును. అంచున తాకినప్పుడు కర్ర ముఖము మెలితిరుగును. బంతి వేగము తగ్గి ప్రక్కకు పోవును.

ఈ మెలికను తగ్గించుటకు ఉపాయము మన గ్రామములలో కుమ్మరులు ఏనాడో ఎరిగినదే. కుమ్మరి సారెకు అంచు బరువుగా ఉండును; అందుచేతనే మట్టిమీద చేయి నొక్కినను దాని తిరుగుడు చప్పున మారదు. అటులే కర్ర శిరస్సులోని బరువును నడిమినుండి తీసి అంచులకు చేర్చినచో, దెబ్బ తప్పినను ముఖము అంతగా మెలితిరుగదు. కార్‌స్టెన్ సోల్‌హైమ్ అను ఇంజనీరు 1959లో ఈ సూత్రముమీద ఒక పట్టరును నిర్మించెను. పిమ్మట ఐరనులకును ఇదే వర్తించినది. వెనుకభాగము తొలిచినట్లుండు ఇట్టి ఐరనులను క్యావిటీ బ్యాక్ అందురు. వెనుక నున్నగా, సన్నగా కత్తివలె మెరయువానిని బ్లేడు అందురు. బ్లేడు చూచుటకు అందమైనది. నేర్పరి చేతిలో బంతిని కోరినట్లు వంచునది. కాని అది తప్పును మన్నించదు. సామాన్యునికి క్యావిటీ బ్యాక్ తగినది. ఇందులో చిన్నతనమేమియు లేదు.

డ్రైవరు విషయమునను ఇదే మాట. తక్కువ వాలు గలది దూరము పంపునని ఒక భ్రమ కలదు. వేగము చాలనివాడు 9 డిగ్రీల డ్రైవరుతో కొట్టినచో బంతి పైకి లేవక త్వరగా నేల తాకును. అతనికి 11 లేక 12 డిగ్రీలదే ఎక్కువ దూరమిచ్చును. ప్రక్కకు వంగుటయు తగ్గును.

ఐరనులమీది నంబరులను చూచి మోసపోరాదు. ఒకప్పుడు ఏడవ నంబరు ఐరను వాలు 36 డిగ్రీల ప్రాంతమున ఉండెడిది. నేడు అనేక సెట్లలో 30, అంతకు తక్కువయు కలదు. మా ఏడవ నంబరు దూరము పోవునని చెప్పుకొనుటకు తయారీదారులు వాలు తగ్గించుచు వచ్చిరి. దీనివలన ఒక చిక్కు కలదు. పిచింగ్ వెడ్జి 43 డిగ్రీలకు దిగి, ఇసుక వెడ్జి 56 వద్దనే నిలిచినచో నడుమ 13 డిగ్రీల ఎడము ఏర్పడును. గ్రీను దగ్గర మిక్కిలి అవసరమగు దూరము ఆ ఎడములోనే ఉండును. కనుక కొనునపుడు నంబరు అడుగక డిగ్రీలు అడుగవలెను. అవసరమైన 50 డిగ్రీల వెడ్జి నొకదానిని చేర్చుకొనవచ్చును.

కాడ మరియొక ముఖ్యాంశము. మెల్లగా విసురువానికి ఒంగుడు గల కాడయు, వేగముగా విసురువానికి గట్టి కాడయు తగును. రెగ్యులర్, స్టిఫ్ అను గుర్తులుండును గాని వానికి అన్ని కంపెనీలలోను ఒకే కొలత లేదు. ఒకరి రెగ్యులర్ మరియొకరి స్టిఫ్ కావచ్చును. కొట్టి చూచుటయే ఉపాయము. ఉక్కు కాడ సామాన్యముగా 95 మొదలు 130 గ్రాములు తూగును. గ్రాఫైటు కాడ 50 మొదలు 80 గ్రాములు. వయస్సు మీరినవారికి, మోచేయి మణికట్టు నొప్పులు గలవారికి గ్రాఫైటు మేలు. పిడి లావును కూడ చూడవలెను: కుడిచేతివాటమువాడు ఎడమచేతితో పట్టినపుడు నడిమివ్రేళ్లు బొటనవ్రేలి మొదటనున్న కండను ఇంచుక తాకవలెను. మన సముద్రతీరపు ఉక్కకు చేతులు చెమర్చును గనుక నూలుపేట కలిసిన పిడులు జారవు. ఎండలో నిలిపిన కారులో కర్రలను విడువరాదు. పిడి క్రింది జిగురు వదులగును. వారమునకొకసారి సబ్బునీటితో పిడులు తుడిచిన అవి ఎక్కువకాలము పట్టునిలుపుకొనును.

ఇంట ఇతరులను గూర్చియు చెప్పవలెను. భర్త పాత కర్రలను భార్యకిచ్చుట, తండ్రి కర్రను కోసి పిల్లవానికిచ్చుట పొదుపువలె కనబడును. కాని కాడను కోసినకొలది అది గట్టిపడును. పెద్దవారికై చేసిన శిరస్సు బరువు అట్లే నిలుచును. ఆ బరువును మోయలేక బాలుడు నడుము వంచి, చేతులు మెలిపెట్టి కొట్టుట నేర్చును. ఆ అలవాటు పెద్దయైన పిమ్మట మాన్పుట కష్టము. పిల్లలకు మూడు నాలుగు చిన్న తేలిక కర్రలు చాలును.

ఇక బంతి. పూర్వము తోలుసంచిలో పక్షి యీకలను కూరి బంతులు చేసెడివారు. 1848 ప్రాంతమున మలయా ద్వీపముల చెట్లపాలతో చేసిన గట్టా పెర్చా బంతి వచ్చెను. ఆ నున్నని బంతులు వాడగా వాడగా గీతలుపడి, క్రొత్తవానికంటె బాగుగా ఎగురుట ఆటగాండ్రు గమనించిరి. నేటి బంతిమీది గుంటలకు మూలము ఆ గమనికయే. ఈ గుంటలవలన గాలిపొర బంతికి అంటుకొని పోవును; వెనుక నిరోధము తగ్గును. గుంటలు లేని బంతి దాదాపు సగము దూరమే పోవును. నియమము ప్రకారము బంతి 45.93 గ్రాములకు మించి తూగరాదు, అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు.

నేడు దుకాణములో దొరకు బంతులు ముఖ్యముగా రెండు తెగలు. రబ్బరు గర్భముమీద గట్టి సర్లిన్ తొడుగు గలది మొదటిది. ఇది చౌక, తొందరగా గీరుకొనదు, తక్కువగా తిరుగును గనుక ప్రక్కకు వంగుట కొంత తక్కువ. మూడు, అంతకు మించిన పొరలతో పలుచని యురెథేన్ తొడుగు గలది రెండవది. ఇది గ్రీను దగ్గరి చిన్న దెబ్బలలో వేగముగా వెనుకకు తిరిగి త్వరగా ఆగును. వెల రెండింతలు, అంతకు పైగాను ఉండును. డ్రైవరుతో కొట్టినపుడు సామాన్యునికి ఈ రెంటికిని నడుమ భేదము కొద్ది మీటర్లే. కనుక బంతిని పరీక్షింపవలసినది గ్రీను వద్ద. ముప్పది మీటర్లనుండి రెండు తెగల బంతులను మూడేసి చొప్పున దింపి, ఎంత దొర్లి ఆగుచున్నవో చూడవలెను.

ఆటకు మూడు నాలుగు బంతులు పోగొట్టుకొనువారు మొదటి తెగనే వాడుట మంచిది. ఖరీదైన బంతి పోవునేమో యను భయము చేతిని బిగించును. బిగిసిన చేయి బంతిని పొదలోనికే పంపును. ఒక్క బంతితోనే ఆట ముగించు రోజులు తరచైనపుడు రెండవ తెగను ఆలోచింపవచ్చును. ఏ తెగయైనను ఒకదానినే అంటిపెట్టుకొనవలెను. దినమున కొక రకము వాడినచో తప్పు చేతిదో బంతిదో తెలియదు. చెరువులనుండి తీసి అమ్ము బంతులు చాలకాలము నీట నానిన కొంత వేగము కోల్పోవచ్చును.

డబ్బు దేనిమీద పెట్టవలెనను సందేహమునకు ఒక లెక్క చెప్పుదుము. సామాన్యమైన మైదానములో డ్రైవరు వాడు సందర్భములు పదునాలుగుకు మించవు. గ్రీనుమీద గుంటకు రెండేసి చొప్పున పట్టరుతో ముప్పదియారు దెబ్బలు. అయినను పలువురు డ్రైవరుకు వెచ్చించినంత పట్టరుకు పెట్టరు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో మన అదితి అశోక్ డ్రైవరు దూరములో వెనుకబడినవారిలో ఒకరు. అయినను దగ్గరి ఆట, పట్టరు నేర్పుతో నాల్గవ స్థానమున నిలిచినది; ఒక్క దెబ్బ తేడాతో పతకము తప్పినది.

పాత కర్రలు కొనుటకు సంకోచింపనక్కరలేదు. ముఖముమీది గీతలు అరిగిపోలేదని, కాడకు నొక్కులు గాని పగుళ్లు గాని లేవని చూచుకొనవలెను. నకిలీలు కలవు గనుక తెలిసినవారిని వెంట తీసుకొనిపోవలెను. అన్నింటికి ముందు అరువు కర్రలతో శిక్షకుని వద్ద కొన్ని పాఠములు నేర్చి, ప్రతి దెబ్బ ఎచ్చట పడినదో ఒక పుస్తకములో వ్రాసికొనుడు. పది ఆటల లెక్క చేతిలో ఉన్నచో మీ సామాన్యమైన దెబ్బ ఏదో మీకు తెలియును. అప్పుడు ఆ పుస్తకమును తీసుకొని దుకాణమునకు వెళ్లుడు. ఏడు కర్రలు కొనుడు. ఎనిమిదవది ఎప్పుడు కావలెనో ఆ పుస్తకమే చెప్పును.